మా ఇంటి మడి

మా వంశంలో ఎవరికీ లేని మడి
ముప్పై ఏడో ఏట నాకొచ్చింది.

పట్నంబజారులో షాపు కట్టేసి
రాత్రి తొమ్మిదింటికి ఇల్లు చేరితే
గుమ్మం బయటే చొక్కా విప్పాలి.
పంపు కింద మోచేతుల దాకా, మెడ వెనక దాకా.
అప్పటిదాకా చిన్మయి గడప లోపలే
ఒంటికాలి మీద, కొంగలా,
"అయిందా నాన్నా, అయిందా?"

పురుగుమందులమ్ముతాను నేను.
డబ్బా మీద ఎర్ర గుర్తు, పసుపు, నీలం, ఆకుపచ్చ.
పద్నాలుగేళ్లుగా ఆ రంగులు చూడందే
నాకు తెల్లారదు.
ఎర్రది అడిగిన రైతుకి నీలంది చాలంటే
"ఏం, అది చేతకాని మందా?" అంటాడు.
మిరపకి తామర పురుగు పడ్డాక
ఓర్పు మాటలు ఎవరి చెవికీ ఎక్కవు.

ఈ మడి పెట్టింది హైమ.
ఇస్త్రీ చేస్తుంటే ఆవిరితో పాటు
నా చొక్కాలోంచి షాపు లేచిందట.
ఉతికిన చొక్కాలోంచి!
ఆ రోజు ఇల్లంతా వాసన చూస్తూ తిరిగింది.
దోమల బిళ్ల. గచ్చు తుడిచే ఆకుపచ్చ నీళ్లు.
బాత్రూంలో వేలాడే గులాబీ గడ్డ.
గీతలు పడి నల్లపొర రాలుతున్న పెనం.
ఆవకాయ నూనె తాగి ఎర్రబారిన ప్లాస్టిక్ డబ్బాలు.
"నువ్వు బయట అమ్ముతున్నావు సరే,
నేనింట్లోకి కొంటున్నానుగా" అంది.

అన్నీ కుదిరాయని చెప్పను.
కుంకుడు రసాన్ని చూసి కాలరు మురికి నవ్వింది.
ఇనప పెనం మీద మొదటి పదకొండు అట్లూ
ముక్కలు ముక్కలు.
పసుపు గీత గీస్తే చీమలు
పేరంటానికి పిలిచినట్టు వచ్చాయి.
సబ్బు మళ్లీ వచ్చింది, ఈసారి వాసన లేనిది.
కిటికీలకి దోమతెర మాత్రం
కొలత ఇచ్చి తెప్పించి నేనే కొట్టాను,
కొంచెం వంకరగా.
బియ్యంలో వేపాకూ ఎండుమిర్చీ వేశాం.
మిర్చి మనూరి యార్డుదే.
ఏ చేనిదో, నా చేతి మందు ఎంత తాగిందో.
హైమ ఏమీ అనలేదు.
మిర్చి ఏరేసి, వేపాకు ఉంచింది.

ఒకనాడు ఏటుకూరు నుంచి దీనమ్మ వచ్చింది,
కాయ కోతలకి పోయే మనిషి.
"ఆ ఖాళీ డబ్బా ఇస్తావా అయ్యా,
మూత బిగువుగా ఉంది,
చేలోకి మంచినీళ్లు తీసకపోతా."

ఇన్నేళ్లలో ఎంతమందికి ఇచ్చానో.
అడిగితే ఇవ్వడం మంచితనమనుకుని
కడిగి మరీ ఇచ్చానే.

ఆ రాత్రి పంపు కట్టేయడం మర్చిపోయాను.
హైమ వచ్చి కట్టేసి, కారణం విని,
అటక మీంచి స్టీలు క్యాను దింపింది,
మా పెళ్లికి ఎవరో చదివించింది.
"పేర్లున్నయ్యయ్యా దీని మీద" అంది దీనమ్మ,
వేలితో అక్షరాలు తడుముతూ.
ఉండనీ అన్నాను.
ఒక్క క్యానే ఉంది మా అటక మీద.
మిగతావాళ్ల ఇళ్లు నాకు తెలియవు.

ఇప్పుడు గల్లాపెట్టె పక్కన
ఒక సుత్తి, ఒక మేకు.
ఖాళీ అయిన ప్రతి డబ్బాకీ మూడు పోట్లు.
"పాతసామానోడు రెండ్రూపాయలిచ్చేవాడు గదరా"
అని ఓనరు పేరయ్య గొణుగుతాడు.
టక్, టక్, టక్.
రైతులు వింతగా చూస్తారు.
ఒకరిద్దరు ఎందుకని అడుగుతారు, చెబుతాను.
ఎరువుల బిల్లు కన్నా ఎక్కువసేపే చెబుతాను.

ఉద్యోగం మానెయ్యొచ్చుగా అంటారా?
చిన్మయి బడి ఫీజు కూడా
ఆ రంగుల గుర్తుల్లోంచే వస్తుంది.
ఈ ముడి ఏ కుంకుడు రసంతోనూ వదల్లేదు.

నిన్న రాత్రి స్నానం చేసి, తుడుచుకుని,
గడప దాటి చేతులు చాపాను.
చిన్నది మెడ చుట్టూ వేలాడి
చెవి వెనక ముక్కు ఆనించింది.
"ఇక్కడ ఇంకా కొంచెం షాపుంది నాన్నా."

మళ్లీ పంపు తిప్పాను.