ఎత్తు ఐదు మిల్లీమీటర్లు

సిరోంచ బస్టాండు వెనక, కుట్టుమిషను తీసేసిన బల్ల మీద
రెండు బోర్డులు పడుకొని ఉన్నాయి.
ఒకటి లెక్కలు చేసేది,
ప్రాణహిత ఎన్ని అడుగులుందో అంకెల్లో పెట్టేది.
ఇంకొకటి వినేది,
ఎగువ రేవు నుంచి గాలిలో వచ్చిన మాటను పట్టుకొని
దిగువకు అందించేది.
ఈ రెంటి నడుమ ఉండవలసింది
నా అరచేతిలో ఉంది, చీమల బారంత.

పాతది దొరకదు. కంపెనీ చేయడం మానేసింది.
నాగపూర్ దుకాణంవాడు మరాఠీలో చెప్పాడు,
హైదరాబాదువాడు తెలుగులో చెప్పాడు,
మాట మాత్రం ఒకటే:
"ఇది గూడ దాని లెక్కనే ఉంటది మేడం, పెట్టుకోండి."
ఆ 'లెక్కనే' దగ్గరే నాకు భయం.

నలభై పిన్నులకు నలభై పిన్నులే.
పిన్నుకూ పిన్నుకూ ఎడం అర మిల్లీమీటరు, సరే.
పక్కపక్కన పెడితే కవలలు.
నొక్కితే మాత్రం
అన్నంలో రాయి తగిలినట్టు ఆగిపోయింది.
జాతకాలు కలిశాయి,
తలుపుకు గడియ కలవలేదు.

పోయిన శ్రావణంలో నేనే చేశాను తప్పు.
అంకెలు, కరెంటు, యాంటెన్నా నుంచి వచ్చే సన్నటి సిగ్నలు
అన్నిటినీ ఒక్క కనెక్టరులో ఎక్కించాను,
షేర్ ఆటోలో కుక్కినట్టు.
గడియారం సిగ్నలు పక్కింటి మిక్సీలా రొద పెట్టింది.
రేడియోకు తన ఇంటి చప్పుడే వినపడింది.
ఎగువ రేవు మూడుసార్లు పిలిచిందట ఆ రాత్రి,
మా పెట్టె పలకలేదు.
తెల్లారి మల్లుబాపు మోటారు లేదు, పైపులు లేవు,
మోటారు కట్టిన మొద్దు మిగిలింది, తాడుతో సహా.
"రేడియో అన్నంక గరగర ఉంటది గద బిడ్డా" అన్నాడు.
తిట్టినా బాగుండేది.

అందుకే ఈసారి వేరు కాపురం.
యాంటెన్నా సిగ్నలుకు దాని గుండ్రటి గూడు దానికి:
నడుమ సూది, చుట్టూ గోడ,
యాభై ఓములు, ఈ చివర నుంచి ఆ చివర దాకా.
దారి ఎక్కడ ఇరుకైనా, ఎక్కడ వెడల్పైనా
అల వెనక్కి తిరుగుతుంది,
మూసిన షట్టరు చూసి మళ్లిన మనిషిలా.
అంకెలకు వేరే వరుస.
రెండు దారులకొక గ్రౌండు పిన్ను, పొలం గట్టులా.

ఇక ఎత్తు.
గుండ్రటిది ఆరంటుంది, వరుసది ఐదంటుంది.
ఒక్క మిల్లీమీటరే కదా అంటాడు దుకాణంవాడు.
ఒక కాలు పొట్టిదైన మంచం మీద
పడుకొని చూడు బాబూ.
రెండూ ఐదే కావాలి నాకు.
గుండ్రటిది అటూ ఇటూ కాస్త ఊగి కుదురుకునే రకం కావాలి,
లేకుంటే బోర్డు వంగుతుంది, టంకం పగులుతుంది,
అదీ సరిగ్గా వాన రాత్రే.

ఐటీఐ చదివే తలండి సోను
బొమ్మను అసలు కొలతకు కాగితం మీద అచ్చు వేసి తెచ్చాడు.
కనెక్టరును దాని మీద పెట్టి చాలాసేపు చూశాడు.
"అక్కా, పై బోర్డు బోర్లా పడుతది గదా,
ఒకటో పిన్ను ఎటు పోతది?"
కాగితం తిప్పి ట్యూబులైటుకు ఎదురుగా పట్టుకున్నాను.
నిజమే. అద్దంలో పాపిటలా
నా ఎడమ కుడి అయింది.
కరెంటు పిన్ను పోయి గడియారం నెత్తిన కూర్చునేది.
వాడికి టీ చెప్పాను, మలాయి వేసి.

ఇప్పుడు రాస్తున్నాను చీటీ:
మగవి పది, ఆడవి పది, ఒకే ఇంటివి, ఒకే నంబరువి.
ఎత్తు ఐదు. గీత కింద ఇంకో గీత.
పది చాలవేమో.
పదిహేను రాశాను.
వీడు కూడా మానేస్తే?