రెండు వేళ్ళ సందు

ఎవరిస్తో చెప్పేవాడు:
గడ్డానికీ పట్టీకీ మధ్య రెండు వేళ్ళు పట్టాలి,
మూడు పట్టాయా, తల నీది కాదు.
చెప్పి ఊరుకోడు,
తన రెండు వేళ్ళూ మా గొంతుల కింద దూర్చి
ఒక్కొక్కర్నీ చూసేవాడు,
సంతలో కోడిని పట్టి చూసే ముసలమ్మలా.
మేం నవ్వేవాళ్ళం.
ఆ వేళ్ళకెప్పుడూ చైన్ నూనె వాసన, కాస్త పొగాకు.

సెర్రో కాస్తియో దాటాక తారు ఆగిపోతుంది.
అక్కణ్ణించి దక్షిణానికి అంతా గులకే.
రిప్యో అంటారిక్కడ,
పలికితే నోట్లో రాళ్ళు దొర్లినట్టుంటుంది.
దాని మీద బ్రేకుని తొక్కకూడదు, బతిమాలాలి.
ముందు చక్రం ఊగితే ఊగనివ్వాలి.
చూపు మాత్రం పోవలసిన చోటే ఉండాలి,
లోయ వంక చూశావా, లోయకే పోతావు.
పడ్డప్పుడల్లా ఒక్కో ముక్క నేర్చుకున్నాను.
ఎడమ మోచెయ్యి ఒక పాఠం,
మెడ పక్క ఎముక ఇంకోటి,
అది వానొచ్చే ముందు ఇప్పటికీ అప్పజెబుతుంది.

ఫిబ్రవరి. ఇక్కడ ఎండాకాలం.
రియో ట్రాంకిలోలో పెట్రోలు పోయించుకున్నాడు.
బంకులో పిల్ల చెప్పింది:
మాతే తాగాడు, కబుర్లు చెప్పాడు,
తొడుగులు వేసుకున్నాడు, హెల్మెట్ పెట్టుకున్నాడు,
పట్టీ వేలాడుతోందని నేనే అన్నాను,
ఇంకెంత, నాలుగు కిలోమీటర్లు, అన్నాడు,
అక్క వండిన గొర్రె పులుసు చల్లారిపోతుందన్నాడు.

నాలుగు కిలోమీటర్లు.
ఇరవై రెండేళ్ళు బిగించిన చెయ్యి
ఆ నాలుగింటికి బద్ధకించింది.
ఏడుపు కంటే ముందు నాకు కోపమొచ్చింది.
పెట్టె పక్కన నిలబడి,
పాస్టరు ప్రార్థన చదువుతుంటే,
నాకొచ్చిన బూతులన్నీ లోలోపల తిట్టాను వాణ్ణి.

పోలీసులు హెల్మెట్ తెచ్చి నా చేతికిచ్చారు.
బండికి ముప్పై అడుగుల దూరంలో,
గడ్డిలో, ఎవరో జాగ్రత్తగా దించి పెట్టినట్టు దొరికిందట.
తిప్పి తిప్పి చూశాను.
ఒక్క గీత లేదు.

గీతలుంటే బాగుండేది.
నా టైర్ల షాపు గోడకి మూడు హెల్మెట్లు వేలాడతాయి,
ఒకటి సగం అరిగింది, ఒకటి నిలువునా చీలింది,
మూడోదాని గాజు ఎక్కడుందో ఎవరికీ తెలియదు.
ఆ ముగ్గురూ బతికే ఉన్నారు.
ఒకడు రెండు టైర్ల డబ్బు ఇంకా బాకీ.
ఇదేమో షోకేసులోంచి తీసినట్టు మెరుస్తోంది
సిగ్గు లేకుండా.
కాదులే, దాని తప్పేముంది.

దారిలో పోయినవాళ్ళకి, పోయిన చోటే,
చిన్న ఇల్లు కడతారు ఈ దేశంలో. అనిమీత.
కుక్కపిల్ల ముడుచుకు పడుకునేంత ఇల్లు.
రోసల్బా పెనిమిటి రేకుతో చేశాడు.
బండి ట్యాంకుకి వెయ్యగా మిగిలిన నీలం పూశాం.
లోపల రెండు కొవ్వొత్తులు,
ఎవరో పెట్టిన స్పార్క్ ప్లగ్గు,
మాతే గిన్నె.
హెల్మెట్ కూడా అందులోనే ఉండాలంది రోసల్బా.

అప్పుడు నహుయెల్ అడిగాడు, పందొమ్మిదేళ్ళు వాడికి:
బాగానే ఉంది కదా, నేను పెట్టుకోనా, ఆయన గుర్తుగా?
ఎవరూ మాట్లాడలేదు.
సరస్సు మీంచి గాలి కొడుతోంది.
దెబ్బ తిన్న హెల్మెట్ పైకెంత బాగున్నా
లోపల చచ్చిపోయి ఉంటుందిరా, అన్నాను.
అన్నాక రోసల్బా వైపు చూడలేకపోయాను.

లోపల పెట్టే ముందు
పట్టీ లాగి కొక్కెంలో నొక్కాను.
టక్.
అంతే చప్పుడు, అంతే పని.
అలవాటు కొద్దీ రెండు వేళ్ళు దూర్చాను.
గడ్డం లేదు,
ఎన్ని వేళ్ళయినా పడతాయి.

పదకొండు బళ్ళు.
తాళాలు తిప్పారు గానీ ఎవరూ కదలరు,
ఏదో మరిచిపోయినట్టు ఒకర్నొకరు చూసుకుంటారు.
నహుయెల్ బండి దిగి నా ముందుకొచ్చి
గడ్డం పైకెత్తి నిలబడ్డాడు.

నా వేళ్ళు వణికాయి.
చలికనుకున్నాడు కాబోలు, పాపం,
తన తొడుగులు తీసి ఇవ్వబోయాడు.
తొడుక్కో వెధవా, అన్నాను.