చిటికెడు మసి

రెండు ఎండాకాలాల కింద మా కొండ కాలింది.
ఎవియా దీవి ఉత్తరపు అంచున,
సముద్రం కళ్లెదుటే ఉన్నా
చుక్క నీరు పైకెక్కని చోట.
నలభై ఏళ్లు పైన్ చెట్ల బెరడు గీసి
బంక పట్టిన చేతులివి.
ఒక్కో చెట్టునీ గాటుని బట్టి పోల్చేదాన్ని,
కుంటిమేకని నడకని బట్టి పోల్చినట్టు.

ఆ రాత్రి చెట్లు కాలలేదు, పేలాయి.
బంక ఊరిన గాట్లే ముందు అంటుకున్నాయి,
మేం గీసిన చోటే.
ఈ మాట ఎవరితోనూ అనలేదు.

సహకార సంఘం గది కాలింది, అప్పుల పుస్తకంతో సహా.
పోన్లే, అదొక్కటీ మేలు అనుకున్నాం.
గుమాస్తా స్తామెలోస్‌కి అంకెలన్నీ నోటికొచ్చు.

మార్చిలో ఇస్మినీ వచ్చింది, యూనివర్సిటీ పిల్ల,
గాజు సీసాలతో, ముక్కుకి గుడ్డతో.
బూడిదని పొరలు పొరలుగా గోకి
పసిబిడ్డకి ఉగ్గు కలిపినంత జాగ్రత్తగా
నీళ్లలో కలిపింది.
"ఇందులో కర్బనం రేణువులున్నాయి గరూఫలియమ్మా,
ఎవరూ చేయలేదు, మంటే చేసుకుంది.
కొన్ని ఉల్లిపాయలా పొర మీద పొర,
కొన్ని సన్నటి గొట్టాలు,
కొన్ని ఉత్త చుక్కలు."
ఎంతుంటాయేమిటి?
"ఆవగింజలో అరవయ్యో వంతు ఉంది చూడు,
అది వాటికి ఓ ఊరు."

మా వంటింటి కిటికీలో మూడు వరసల పళ్లాలు పెట్టింది.
గింజలు నేనిచ్చాను.
కొట్టంలో మిగిలిన పైన్ కాయలు,
సెగ తగిలితే గానీ నోరు విప్పని మొండివి,
పొయ్యి పక్కన పెట్టి విప్పించాను.
మొదటి వరసకి ఉత్త నీళ్లు.
రెండోదానికి చిటికెడు మసి.
మూడోదానికి వాగు అడుగున పేరుకున్నంత.

పద్దెనిమిదో రోజుకి రెండో వరస లేచి నిలబడింది
పచ్చగా, పొగరుగా.
మూడో వరసలో వేళ్లు
గుమ్మం దాకా వచ్చి లోపలికి పిలవని చుట్టంలా
ముడుచుకుని గోధుమరంగుకి తిరిగాయి.
అదే మసి. అవే గింజలు.

ఎంతవరకు మందు, ఎక్కణ్ణుంచి విషం?
"అదే వెతుకుతున్నా" అంది.
వాన కొలిచి పొయ్యదు కదా.
గట్టు మీద ఉన్నది కడిగేసి
వాగులో గంపలకొద్దీ కుమ్మరిస్తుంది.

ఓ సాయంత్రం తలుపులు మూసి ఊదారంగు దీపం వెలిగించింది.
వేలెడు మొలక.
దాని కాడలో, ఈనెల్లో
సన్నగా నీలం పారుతోంది.
"అవే" అంది గుసగుసగా. "నీళ్లతో పాటు తాగేసింది."

గొడ్డలి పిడి, తేనెపెట్టెలు,
లెఫ్తెరిస్ గడ్డిటోపీ, ఆ అప్పుల పుస్తకం,
వీటిలో ఏది ఆ నీలం?
నవ్వుతుందని అడగలేదు.
వెళ్లేరోజు అడిగేశాను.
నవ్వలేదు. "చెప్పలేను" అంది.

దీపం మరిచిపోయి వెళ్లింది.
రాత్రి నా చేతుల మీద వేసుకు చూశాను.
పది గోళ్లూ నీలంగా వెలిగాయి.
ఫోన్ చేస్తే, "అందరి గోళ్లూ అంతే,
దానికీ మంటకీ సంబంధం లేదు" అంది.
సరే అన్నాను.
సబ్బుతో కడుక్కున్నాను. మళ్లీ వేసి చూశాను.

తెల్లారి బకెట్ తీసుకుని వాగులోకి దిగాను.
నల్లమట్టి మోసుకొచ్చి గట్టు మీద,
గుంటకో చెంచా, అంతకు మించకుండా.
దారిలో స్తామెలోస్ ఎదురై
ఎన్నో బకెట్ అని అడిగాడు.
నేను లెక్క చెప్పలేదు.