చూరుల గిలాస

రాత్రి పరకాలల, అలాయి చుట్టు
మొండయ్య పీరెత్తుకున్నడు.
జెరమొచ్చిన బిడ్డను సంకనేసుకొని
ఆయన కాళ్లమీద వడ్డ.
నిప్పులల్ల నడిచిన కాళ్లు,
ఏ వాడయో అడగలె.
నెమలీకతోని నెత్తి నిమిరి
ఊదు బూడిద బిడ్డ నాలికెకు రాసిండు,
మిగిలింది నా నోట్లె.
కండ్లు మూసుకొని మింగిన.

తెల్లారింది. జెరం దిగింది.
మొండయ్య నా హోటల్‌కొచ్చి
అలవాటుగ చూరుల చెయ్యివెట్టిండు,
సొట్టవడ్డ తన గిలాస కోసం.
తనే కడుక్కొని, దూరంగ పట్టిండు,
ఎత్తునుంచి పోస్తనని.

కెటిల్ వంగలె.
నాలికె మీద ఇంకా బూడిద.

గాజు గిలాసల పోసి
"లోపలికొచ్చి కూసో మొండన్నా" అన్న.

ఆయన కదలలె.
"పీరు రాత్రే దిగింది పటేలా."

"ఎరికే" అన్న.

బల్లకాడ ఇద్దరు గిరాకులు
చాయ్ సగంల ఇడిసి లేసిన్రు.