తొడుగు తీసిన వేలు

ధనుర్మాసంలో వాయల్పాడు తెల్లారదు,
గడ్డకడుతుంది.
హార్స్‌లీ కొండ దిగిన గాలి
టీ బంకు రేకు కింద కాసేపు నిలబడి
నేరుగా గుడి వాకిట్లోకే వస్తుంది,
చెంగల్రాయుడి కింది పెదవి మీదికి.

నాకేం, డోలోణ్ణి.
కుడిచేతి వేళ్ళకి తొడుగులున్నాయి,
గుడ్డపేలికలు మైదాగంజిలో ముంచి చుట్టి
ఎండబెట్టుకున్నవి, రాయి మాదిరి.
ఎడంచేతిలో పుల్ల.
చలి నన్ను తాకాలంటే
ముందు వాటినడగాల.
ఆయనకేముంది?
పెదవి, సీవాళి, మధ్యలో ఊపిరి.
అంతే సరంజామా.

పోయిన మంగళవారం భూపాలం నడుమ
ఒక స్వరం నీరుగారింది.
ముప్పయ్యేళ్ళలో నేనెరగని తడబాటు.
తలెత్తి చూస్తే
సీవాళి అంచున ఎరుపు. కుంకం కాదు.
ఆయన ఆపలేదు.
నేను నడక కొంచెం నిదానం చేసినాను,
అంతకన్నా డోలు ఏం చెయ్యగలదు.

తర్వాత అందరూ వైద్యులే.
పూలమ్మే రెడ్డెమ్మ వెన్నపూస అనింది.
అయ్యవారు నెయ్యి అన్నాడు, ఇవ్వలేదు.
మందులంగడి అబ్బోడు
గులాబిరంగు గొట్టం ఒకటి చేతిలో పెట్టినాడు,
స్ట్రాబెర్రీ అంట.
అది పూసుకుని బిలహరి ఊది
"రాగమంతా చాక్లెట్టు వాసన రా" అని
తమ్ముడి కూతురికి ఇచ్చేసినాడు.

కొబ్బరినూనె ఈ చలికి
సీసాలోనే సున్నమై కూచుంది.
ఆముదం మంచిదే గానీ
సీవాళి జారుతుంది. జారితే గమకం పోతుంది.
వాళ్ళమ్మ ఉన్నన్నాళ్ళూ
పడుకునే ముందు బొడ్డులో చుక్క వేసేదంట,
"నోరు రాకముందు
నువ్వు తిన్నది ఆ దోవనే కదరా" అని.
యాభై ఎనిమిదేళ్ళకి చొక్కా ఎత్తి
బొడ్డులో నూనె పోసుకోడానికి సిగ్గేసిందంట.
నాతో చెప్పడానికి మాత్రం సిగ్గుపళ్ళా.

రాత్రి సేవ ముగిసి
దేశమ్మ గానుగ కాడికి పోయినాం,
తొడుగులు ఇంకా నా వేళ్ళకే.
కరెంటు గానుగే, ఎద్దు పోయి ఎన్నాళ్ళో,
ఆమె మాత్రం మిషన్ను ఇంకా
"హో" అని అదిలించే ఆపుతుంది.
నువ్వులు నలుగుతా ఉన్నాయి.
ఆయన మొగం చూసి
ఏం కావాలని అడగలేదు.
కారే ధార కింద తమలపాకు పట్టింది.
వెచ్చగా, ఇంకా ఏ డబ్బాకీ చేరని నూనె.

"ముందు పెదాలు నాకేది మానుకో.
ఎంత నాకితే అంత పగుల్తాది.
రాత్రి పూసుకో, పొద్దున
గోరువెచ్చని గుడ్డతో తుడిచెయ్.
ఊదేటప్పుడు ఏదీ ఉండకూడదు."
నీకెట్ల తెలుసు అంటే
"మా ఆయన బ్యాండుమేళంలో క్లారినెట్టు" అని
పిండి తోసుకుంటా అటు తిరిగింది.

ఆయన చేతులు వణికి
ఆకు ఒలుకుతా ఉంది.
తొడుగులు ఒక్కొక్కటీ లాగి జేబులో వేసుకున్నాను.
ముప్పయ్యేళ్ళు పక్కపక్కన కూచున్నాం,
ఆ మొగం ఏనాడూ తాకలేదు.
చూపుడువేలు ముంచి
కింది పెదవి మీద పెట్టినాను.

నా వేలికి ఏమీ తెలియలేదు.
ఎన్ని పెళ్ళిళ్ళు కొట్టిందో, ఎన్ని ఊరేగింపులో,
కొన మొద్దుబారి చాన్నాళ్ళయింది.
పగులెక్కడ, తోలెక్కడ,
ఆ తోలు ఆయనదా నాదా.
నూనెకు తెలుసు.
ఇద్దరి నెర్రెల్లోకీ అడక్కుండానే దిగింది.

"గరుకు రా నీ వేలు" అన్నాడు.
"నీ పెదవి పట్టా?" అన్నాను.
వెనక దేశమ్మ "హో" అనింది,
గానుగ ఆగింది.

తెల్లారి నాలుగున్నర.
గుడ్డతో తుడుచుకుని
సీవాళి నోట పెట్టి, ఒకసారి గాలి చూసుకుని
ఎత్తుకున్నాడు.
ఎక్కడా చిరగలేదు.
తుడుచుకోడం మర్చిపోయినోణ్ణి నేనే.
తొడుగులో నువ్వులనూనె, వేలు జారి
మొదటి దెబ్బ ఎటో పోయింది.
ఆయన పంచమం మీద నిలబడి
పెదవి కదపకుండా, కళ్ళతో నవ్వుతా
నాకోసం చూసినాడు.