నూట పన్నెండో పేజీలో వాన

పుస్తకం రాసినవాడు పోస్ట్‌మాన్.
అందుకే అందులో యుద్ధం తేదీల వరసలో నడవదు,
ఉత్తరాలు పంచే దారి వరసలో నడుస్తుంది.
రేవు దగ్గర మొదలై, చేపలు ఎండేసే కర్రల పక్కనుంచి
చర్చి వెనక ఎత్తెక్కి
చివరి ఇంటి గేటు దగ్గర ఆగుతుంది.
ఇంటికో పేజీ.
ఎవరున్నారు, ఏం పెంచారు, ఏ రోజు కాలింది.

రాత్రి ఫెర్రీలో నా డ్యూటీ.
కార్లు దిగిపోయాక ఇంజిన్ గది పైన, వెచ్చటి బల్ల మీద చదివాను.
ఫిన్‌మార్క్ తీరంలో నవంబరంటే
మధ్యాహ్నం రెండింటికే దీపం వెయ్యాలి.

నూట పన్నెండో పేజీ మావాళ్ళది.
"పెత్రీనె. ఇద్దరు ఆడపిల్లలు. ఒక ఆవు, నాలుగు గొర్రెలు.
పొద్దుటినుంచీ వాన.
తగలబెట్టడానికి వచ్చిన సైనికుడి అగ్గిపెట్టె తడిసిపోయింది.
ఇంట్లో అడిగాడు. ఇచ్చారు."
అంతే.
పేజీ తిప్పితే పక్కింటివాళ్ళు, వాళ్ళ పడవ.

ఆ "ఇచ్చారు" దగ్గర ఎంతసేపు ఆగానో,
తాడు వెయ్యమని పైనుంచి రెండుసార్లు కేకేశారు.

శనివారం బడి వ్యాయామశాలలో సినిమా.
ఓస్లో వాళ్ళు తీశారు,
మా ఊరిని లిథువేనియాలో చవగ్గా కట్టి.
వాన లేదు. మంచు.
ఒక్కో రేకూ తన వంతు వచ్చేదాకా ఆగి రాలినట్టు.
ఆవు లేదు. ఇద్దరు పిల్లలు ఒక్కరయ్యారు.
పోస్ట్‌మాన్ ఏ గుమ్మంలోనూ చూడని ప్రేమ ఒకటి పుట్టింది.
సైనికుల చేతుల్లో కాగడాలు,
ఎక్కడ వెలిగించుకొచ్చారో ఎవరూ అడగరు.
పెత్రీనె గుమ్మానికి అడ్డంగా చేతులు చాపి
ఓ పెద్ద మాట అంది. వయొలిన్లు లేచాయి.
నిజం చెప్పొద్దూ, నా కళ్ళూ తడిశాయి.
సంగీతానికి ఏం తెలిసినా తెలీకపోయినా
ఎక్కడ నొక్కాలో తెలుసు.

పక్కన సోల్‌ఫ్రిద్ పెద్దమ్మ, ఎనభై ఆరేళ్ళు,
ఒళ్ళో వాఫిల్ ప్లేటు.
"ఈ మంచెక్కడిది?" అంది,
చెవుడున్నవాళ్ళ గుసగుసతో. హాలంతా విన్నది.

ఇంటికి నడుస్తూ చెప్పాను:
పుస్తకంలో వానే ఉంది పెద్దమ్మా,
అగ్గిపెట్టె కూడా ఉంది, పుస్తకం నిజం చెప్పింది.
"చెప్పలేదు" అంది.
"ఇచ్చారట! ఎవరిచ్చారు?
అమ్మ కుర్చీలోంచి లేవలేదు.
చెల్లి ఉయ్యాల్లో ఉంది.
పొయ్యి పైన గూట్లో ఉంటుందని నాకు తెలుసు.
స్టూలు లాక్కుని ఎక్కాను.
నిప్పడిగినవాళ్ళకి లేదనకూడదని నేర్పారు కదా.
వాడు థాంక్స్ చెప్పాడు, మన భాషలోనే,
వచ్చీ రాకుండా.
నాకు సంతోషమేసింది."
కాస్త నడిచాక మళ్ళీ అంది, "సంతోషమేసింది."
తర్వాత తాళంచెవి కోసం చేతిసంచీ అంతా వెతికింది.

క్రిస్మస్‌కి కొవ్వొత్తులు పేర్చి
అగ్గిపెట్టె నావైపు తోసేది, ప్రతి ఏడూ.
కీళ్ళవాతం అనుకునేదాన్ని.

ఆ రాత్రి ఫెర్రీలో పెన్సిల్ తీశాను.
నూట పన్నెండో పేజీ, ఆ క్రియకి కర్త లేదు,
పక్కన పేరు రాద్దామని.
సో వరకు వచ్చి ఆగింది చెయ్యి.
ఇంటింటికీ తిరిగినవాడు,
తడిసిన గుమ్మాల్లో నిలబడి కాఫీ తాగినవాడు,
స్టూలు సంగతి వినకుండా ఉంటాడా?
వినే రాసుంటాడు "ఇచ్చారు" అని,
ఆరేళ్ళ పిల్ల మీద
ఓ బహువచనం కప్పి.

రబ్బరు లేదు. వేలితో రుద్దితే
అక్షరం పోలేదు, మసకయింది.
పెన్సిల్ చెవి మీద పెట్టుకుని
లెక్క రాసుకోవడానికి కిందికి దిగాను:
ఏడు కార్లు, ఒక పాల లారీ.