అనంతం దగ్గర బిగుసుకున్న మీట

జోర్కీకి సొంత కన్నుంది గానీ
దాని చూపు యాభై మిల్లీమీటర్లకే కట్టుబడినది.
నూట ముప్పై అయిదు లెన్సు బిగించినా దానికి పట్టదు,
తాళి ముడి చూపించమంటే
పందిరంతా చూపిస్తుంది.

అందుకని నెత్తిన ఇంకో కన్ను.
అయిదు గాజుముక్కల చక్రం,
తిప్పితే టిక్కుమంటూ
ఇరవై ఎనిమిది, ముప్పై అయిదు, యాభై, ఎనభై అయిదు,
చివర్న నాక్కావలసినది.
ప్రతి టిక్కుకీ మద్రాసు ఒక అడుగు ముందుకేస్తుంది,
ఎదురు మేడ మీద ఆరేసిన లుంగీకి
గళ్లు లెక్కపెట్టుకోవచ్చు.

ట్రిప్లికేన్ మెస్సుల సందులో
రెండు స్టూళ్ల వెడల్పు కొట్టు కన్నియప్ప నాయుడిది.
"ఒక కన్ను ఎంత దూరం అంటది,
ఇంకోటి ఎంత మేర అంటది.
అసలు తీసేది మూడోది. అది నీకు కనపడదు,"
అన్నాడు, పద్దెనిమిది వందలు లెక్కపెట్టుకుంటూ.
"ఇదో, ఈ మీట అనంతం కాడ బిగుసుకోనుండాది.
దూరాలు తీసేదానికి ఇబ్బందేం ల్యా."
నేను దూరాలే తీస్తానన్నాను.
కొత్తగా కొన్నవాళ్లు అలాగే అంటారు.

కాశిమేడులో ఒడ్డెక్కించిన పడవ.
రెండు తాళ్లకి వేలాడే పలక మీద కూర్చుని
అరుళప్పన్ దాని పేరు రాస్తున్నాడు,
నీలం రంగులో, కొమ్ము సగం దాకా వచ్చాడు.
నేను పక్క పడవ మీద, నాలుగు మీటర్ల దూరంలో,
చేపల నీళ్లు చెప్పుల్లోకి వస్తుంటే
చిన్న రంధ్రంలో ఇద్దరు అరుళప్పన్లని
ఒకడయ్యేదాకా నెమ్మదిగా తిప్పాను.
తర్వాత కన్ను పైకెత్తాను, నెత్తి మీది కిటికీకి.
తలపాగా పైన వేలెడు జాగా.
అన్నీ కుదిరాయి.
నొక్కాను.

పెరంబూరు క్వార్టర్స్ బాత్రూములో, ఎర్ర బల్బు కింద,
కాగితం మీద మొదట కుంచె తేలింది,
తర్వాత మెడ, గడ్డం, ముక్కు.
కనుబొమల పైన అరుళప్పన్ లేడు.
ఆకాశమూ లేదు. తెల్లటి అంచు, అంతే.
నాకూ ఫిల్ముకీ మధ్య
రెండున్నర అంగుళాల ఎత్తు తేడా,
దూరపు వంతెనకైతే అది లెక్కలోకి రాదు,
దగ్గరి మనిషికి నుదురు తీసేస్తుంది.

కింద మాత్రం, నేను అడగనిది ఒకటి పడింది.
పలక ఊగకుండా అంచుని పట్టుకున్న నాలుగు వేళ్లు.
ఆడమనిషివి.
గోళ్ల సందుల్లో అదే నీలం.

నాయుడు ఫోటో చూసి ఏమీ అనలేదు.
అగరొత్తి పుల్ల కొనకి పెట్రోలు చుక్క అద్ది
మీట మొదట్లో గీకుతూ కూర్చున్నాడు.
"అన్నేళ్లు దూరాన్నే చూసి చూసి
దగ్గర మర్చిపోయినట్టుంది," అన్నాను.
"కథలు చెప్పబాకమ్మా. రష్యా జిడ్డు, ఎండిపోయింది."
సాయంకాలపు నమాజు పిలుపు వేళకి
మీట కదిలింది.
"ఇంక తల తెగితే తప్పు నీది," అని
డబ్బు వద్దన్నాడు, ఒక టీ తప్ప.

ఆదివారం ఫోటో పట్టుకెళ్లాను.
అరుళప్పన్ తన తలకోసం వెతుక్కోలేదు.
పడవ కిందికి వంగి "ఏయ్, ఉన్ కై!" అని అరిచాడు,
నీ చెయ్యి చూసుకో అని.
ఫిలోమి వచ్చింది, కొంగుకి వేళ్లు తుడుచుకుంటూ.
కాగితాన్ని దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి,
చెయ్యి సరే,
ఈ మొండెం ఎవడిదని అడిగింది.

ఇద్దరూ నవ్వుతున్నారు.
గబగబా దూరం కలిపి
మీటని నాలుగు దగ్గరికి జరిపాను, ఎంత సులువుగా జరిగిందో,
నెత్తి మీది కిటికీలోకి చూసేసరికి
వాళ్లు నవ్వుకుంటూ
అయిదు దగ్గరికి వెళ్లిపోయారు.